మనిషి బదులు వస్తువు ఆడితే అది నాట్యమేనా?

గజ్జెల_సవ్వడి (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

2018 చివర్లో మా అమ్మాయి పురిటికి బోస్టన్ వెళ్లాను. అక్కడ సముద్రపు ఒడ్డున సమకాలీన కళా మ్యూజియం ఒకటి ఉంది. విలియం ఫోర్సైత్ ప్రదర్శన జరుగుతోందంటే మా అల్లుడు తీసుకెళ్లాడు. ఆయన 1984 నుంచి 2004 దాకా జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలేను నడిపిన నాట్యాచార్యుడు. కాబట్టి నృత్యం చూడబోతున్నామనుకున్నాను. లోపల నర్తకులు ఒక్కరూ లేరు, వస్తువులు ఉన్నాయి.

ఒకచోట దుమ్ము దులిపే ఈకల గుత్తి పెట్టారు, మన ఇళ్లలో ఉండేలాంటిదే. దాన్ని పట్టుకుని ఏమాత్రం కదలకుండా ఉంచమని పక్కన రాశారు. అంతే పని. నాకు నవ్వొచ్చింది. అరమండిలో, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమలో, కన్ను కూడా అదరకుండా నిలబడడం పిల్లలకు రోజూ నేర్పేదాన్ని కదా! గుత్తి తీసుకుని నిలబడ్డాను. ఈకల కొసలు వణికాయి. ఊపిరి బిగబట్టాను, ఇంకా ఎక్కువ వణికాయి. నా నాడి కొట్టుకోవడం కూడా ఆ కొసల్లో కనిపించింది. నేను నిశ్చలం అనుకుంటున్నదానిలో ఎంత కదలిక ఉందో నా గురువుగారు కూడా నాకు అంత స్పష్టంగా చూపించలేదు.

మరో గదిలో పైనుంచి దారాలకు గుండ్లు వేలాడుతున్నాయి, తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండ్లలాంటివి. అవి ఊగుతుంటే వాటికి తగలకుండా మనం మధ్యలోంచి నడవాలి. భుజం వంచాను, ఒక అడుగు వెనక్కి వేశాను, పక్కకు తిరిగాను. బయటికొచ్చాక అల్లుడు అన్నాడు, "అత్తయ్యా, మీరు డాన్స్ చేశారు" అని.

నేను చేశానా, గుండ్లు చేశాయా? ఇదే నా ప్రశ్న.

తెరవెనుక (తెనాలి)

మేడమ్, మీ అనుభవం చదువుతుంటే చూసినట్టే ఉంది. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది నాట్యం కాదు. నలభై ఏళ్లు నాటకాల్లో ఉన్నవాడిని. రంగస్థలం మీద నిలబడినవాడు ఏ క్షణంలోనైనా తప్పవచ్చు. పద్యం మరిచిపోవచ్చు, గొంతు పూడుకుపోవచ్చు. అది తెలిసే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. గుండుకు తప్పడం తెలియదు, దానికి చెమట పట్టదు. అది చూడముచ్చటగా ఉంటుందంటే ఒప్పుకుంటాను. గోదావరి మీద సాయంత్రపు వెలుగు కూడా చూడముచ్చటగానే ఉంటుంది, దాన్ని నాట్యం అనం కదా.

లంబకోణం (హైదరాబాదు)

తెరవెనుక గారూ, తప్పేది గుండు కాదు, దాని మధ్య నడిచే మనిషి. మీరన్న ప్రమాదం ప్రేక్షకుడి మీదికి మారింది, అంతే. అక్కడే ఇందులో కొత్తదనం ఉందని నాకనిపిస్తుంది.

నేను కర్మాగారాలకు ఆటోమేషన్ పని చేసేవాడిని. మేడమ్ చెప్పిన గుండ్ల కళాకృతి గురించి కొంచెం తెలుసు. 2005లో న్యూయార్క్‌లో వాడకం మానేసిన ఒక భవనంలో ఒకే ఒక నర్తకుడిని గుండ్ల మధ్య ఆడించడంతో అది మొదలైంది. తర్వాత నర్తకుణ్ణి తీసేసి ఆ చోటు సందర్శకులకు ఇచ్చారు. 2014లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో పాత మార్కెట్ భవనంలో 400 గుండ్లతో పెట్టారు. పెద్ద రూపాల్లో దారాలు కట్టిన చట్రాలను పైన యంత్రాలు కదుపుతాయి, గాలి పీడనంతో పనిచేసే సిలిండర్లు. ఒక వరుస ఆలస్యంగా, ఒక వరుస ముందుగా కదిలేలా పదిహేను పాయలుగా కూర్చారు. సంగీతంలో ఒకేసారి వేర్వేరు గొంతులు వేర్వేరు స్వరాలు పాడి కలిసినట్టు అన్నమాట.

యంత్రం చేసేది ఆ తోపు ఇవ్వడం వరకే. ఆ తర్వాత గుండు ఎలా ఊగాలో భూమ్యాకర్షణ చెబుతుంది. ఒక మీటరు దారానికి వేలాడే గుండు ఒకసారి ఊగి తిరిగి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. 4 మీటర్ల దారమైతే సుమారు 4 సెకన్లు. గుండు బరువు పెంచినా తగ్గించినా ఈ లెక్క మారదు. అంటే కూర్చినవాడు దారం పొడవును ఎంచుకోగలడు, తోపు సమయాన్ని ఎంచుకోగలడు. మిగతాది వస్తువు స్వభావం. దాన్ని ఒప్పించి ఆడించాలి, ఆజ్ఞాపించి కాదు.

గజ్జెల_సవ్వడి

లంబకోణం గారూ, ఒక్క నిమిషం. మీటరుకు 2 సెకన్లు, 4 మీటర్లకు 4 సెకన్లు అన్నారు. అంటే పొడవు నాలుగు రెట్లయితే సమయం రెండు రెట్లా? మరి పావు మీటరుకు?

లంబకోణం

సరిగ్గా పట్టుకున్నారు మేడమ్. పావు మీటరుకు సుమారు 1 సెకను. దారం నాలుగో వంతు చేస్తే వేగం రెట్టింపు.

గజ్జెల_సవ్వడి

అయితే 4 మీటర్లది విళంబం, మీటరుది మధ్యమం, పావు మీటరుది ద్రుతం! మూడు కాలాలూ, అంటే మూడు వేగాలూ, మూడు దారాల్లో ఉన్నాయి. ఒకే అడవును (అడుగుల వరుసను) మూడు కాలాల్లో వేయించడానికి పిల్లలతో ఎంత అవస్థ పడతానో మీకు తెలియదు. రెండో కాలం అనగానే అందరూ పరుగెత్తుతారు, రెట్టింపు ఎంతో ఒంటికి పట్టదు. ఈ రాత్రి నాకు నిద్రపట్టదు.

షార్జా_నుంచి

నాదీ ఒక అనుభవం. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, మాది నిజామాబాద్ జిల్లా. షార్జాలో రెయిన్ రూమ్ అని 2018 నుంచి శాశ్వతంగా ఉంది. చేసినవాళ్లు రాండమ్ ఇంటర్నేషనల్ అనే బృందం. మొదట 2012లో లండన్‌లోని బార్బికన్ కళాకేంద్రంలో, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో పెట్టారు. చీకటి గది, ఒక పక్కనుంచి బలమైన దీపం, ఎడతెగని వాన. మీరు లోపలికి నడిస్తే మీ మీద మాత్రం వాన ఆగిపోతుంది. కాలు తీసి కాలు వేస్తే వాన కూడా మీతోపాటు చోటు ఇస్తూ వస్తుంది.

మా గదిలో ఉండే నలుగురం సెలవు రోజున వెళ్లాం. నెమ్మదిగా నడవమని ముందే చెప్పారు. ఒకతను వినలేదు, వాన చప్పుడు వినగానే చేతులు చాచి పరుగెత్తాడు. నిలువునా తడిసిపోయాడు. బయటికొచ్చి ఆ తడి చొక్కాతోనే చాలాసేపు కూర్చున్నాడు. మూడేళ్లుగా ఊరికి వెళ్లలేదు అతను. "వాన నా మీద పడాలనే పోయాను" అన్నాడు. ఆ కళాకృతిలో తడవకుండా ఉండడం గొప్ప అని అందరూ అంటారు. నాకు గుర్తున్నది మాత్రం తడిసినవాడే.

లంబకోణం

షార్జా అన్నా, ఈ మాట చదివి కాసేపు ఆగిపోయాను.

అతను ఎందుకు తడిశాడో చెబుతాను. పైన అమర్చిన కెమెరాలు లోతును కొలుస్తూ మనిషి ఎక్కడున్నాడో కనిపెడతాయి, ఆ చోట కవాటాలు మూసుకుంటాయి. కెమెరా, కంప్యూటర్ ఎంత వేగమైనా అప్పటికే గాలిలో ఉన్న చుక్కను వెనక్కి పిలవలేవు. 5 మీటర్ల ఎత్తు నుంచి జారిన చుక్క నేలకు చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో మామూలుగా నడిచేవాడే మీటరుకు పైగా ముందుకు వెళతాడు. మీ మిత్రుడు పరుగెత్తాడు కాబట్టి అప్పటికే జారిన చుక్కలు అతన్ని అందుకున్నాయి. నెమ్మదిగా నడవమనడం మర్యాద కోసం పెట్టిన నియమం కాదు, నీటి చుక్క పెట్టిన నియమం.

సింగపూర్_సంక్రాంతి

ఛాంగీ విమానాశ్రయంలో 2012లో కైనెటిక్ రెయిన్ అని పెట్టారు. రాగి పూత పూసిన 1,216 అల్యూమినియం చుక్కలు, ఒక్కోదానికి విడిగా ఒక మోటారు. పైకీ కిందకీ కదులుతూ ఒకసారి విమానంలా, ఒకసారి గాలిపటంలా ఆకారాలు కట్టేవి. బెర్లిన్‌కు చెందిన ఆర్ట్+కామ్ సంస్థ చేసింది. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టలేదు. కానీ అది మనం అక్కడ ఉన్నా లేకపోయినా తన కూర్పు తాను నడుపుకునేది. షార్జా వాన అలా కాదు కదా. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదేమో.

ఎండమావి

ఇదంతా చదివాక ఒకటి గుర్తొచ్చింది. వాట్సాప్‌లో తిరిగే ఒక రోబో చెయ్యి వీడియో చూశారా? దాని ఒంట్లోంచి రక్తంలాంటి ద్రవం కారిపోతుంటే, బతకడం కోసం ఆ ద్రవాన్ని తనవైపు ఊడ్చుకుంటూ ఉంటుంది. మొదట్లో చూసేవాళ్ల కోసం డాన్స్ చేసేది, తర్వాత తీరిక లేక మానేసింది, చివరికి 2019లో చనిపోయింది అని రాశారు. చూసి ఏడ్చేశాను. మా అమ్మ జీవితం గుర్తొచ్చింది.

లంబకోణం

ఎండమావి గారూ, మీ కన్నీళ్లు నిజం. ఆ కథ మాత్రం నిజం కాదు. నేను అలాంటి యంత్రాల మధ్యే పనిచేస్తాను కాబట్టి చెప్పక తప్పదు.

అది సున్ యువాన్, పెంగ్ యూ అనే చైనా కళాకారుల జంట 2016లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కోసం చేసిన కళాకృతి. 2019లో వెనిస్ బినాలే అనే కళా ప్రదర్శనలోనూ పెట్టారు. జర్మనీ కంపెనీ కూకా తయారుచేసే పారిశ్రామిక రోబో అది. కరెంటుతో నడుస్తుంది. ఆ ఎర్రని ద్రవానికీ దాని ప్రాణానికీ సంబంధం లేదు, రంగు నీళ్లలో చిక్కదనం కోసం సెల్యులోజ్ పదార్థం కలిపారు. ద్రవం గీత దాటి బయటికి పాకితే కెమెరాలు పసిగడతాయి, చెయ్యి వంగి లోపలికి లాగుతుంది. ప్రదర్శన ముగిసింది, కరెంటు తీసేశారు. చనిపోవడం అంటూ ఏమీ లేదు.

అయితే మేడమ్‌కు పనికొచ్చే విషయం ఇందులో ఒకటి ఉంది. ఆ చేతికి 32 కదలికలు నేర్పారు. వాటికి పేర్లు కూడా పెట్టారు. ఒకటి దురద గోక్కోవడం, ఒకటి వంగి వణకడం.

గజ్జెల_సవ్వడి

పేర్లు పెట్టారా! అయితే హస్తాలకు, అంటే చేతి ముద్రలకు, పేర్లు పెట్టుకున్న మనకు అది కొత్తేమీ కాదు. అందుకే ఎండమావి గారికి అమ్మ కనిపించింది. ఆ యంత్రానికి బాధ లేదు. వంగే తీరులో ఉంది బాధ, ఆ తీరు ఎవరో మనిషి చూసి, గుర్తుపెట్టుకుని, దానికి నేర్పాడు. ఇది అభినయమే అంటాను నేను, పాత్ర లేని అభినయం.

ఎండమావి

వివరం చెప్పినందుకు కృతజ్ఞతలు. నిజం తెలిసినా ఆ వీడియో చూస్తే ఇంకా గుండె పట్టేస్తోంది. తప్పంటారా?

తెరవెనుక

తప్పేమీ లేదమ్మా. రంగు పూసుకున్న హరిశ్చంద్రుణ్ణి చూసి కాటిసీనులో ఊరంతా ఏడ్చేది. అతను ఇంటికెళ్లి భోజనం చేస్తాడని అందరికీ తెలుసు.

లంబకోణం

ఇంకో విషయంలో సలహా కావాలి. హాన్స్ హాకె అనే కళాకారుడు 1964-65లో నీలి తెరచాప అని ఒకటి చేశాడు. పెద్ద నీలిరంగు షిఫాన్ గుడ్డను నాలుగు మూలలా దారాలతో అడ్డంగా వేలాడదీసి, మూలలకు చేపల గాలానికి కట్టే చిన్న బరువులు కట్టాడు. కింద అటూ ఇటూ తిరిగే ఫ్యాను. అంతే. గుడ్డ ఉబ్బుతుంది, పడిపోతుంది, అల ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పాకుతుంది. రెండు క్షణాలు ఒకేలా ఉండవు.

ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకోసం అదే ప్రయత్నించాను. మనిషి దగ్గరికొస్తే ఫ్యాను వేగం పెరిగేలా సెన్సర్ కూడా పెట్టాను. కొత్త నేత గుడ్డ కొన్నాను, మంచి నూలుది. అది ఆడలేదు. మధ్యలో బల్లలా పైకి లేచి, డబ్బుమని పడిపోయింది. మోటారు మార్చాను, సెన్సర్ మార్చాను, ఫలితం లేదు. చివరికి పిల్లలు నిరాశపడి వెళ్లిపోయారు. ఆ బాధ ఇంకా ఉంది.

పోగుబంధం (భూదాన్ పోచంపల్లి)

తమ్ముడూ, నువ్వు అన్నీ మార్చావు, గుడ్డను మార్చలేదు. మాది నేత కుటుంబం, చెబుతాను విను.

కొత్త నేత గుడ్డలో గంజి ఉంటుంది. మగ్గం మీద పడుగు తెగకుండా ఉండడానికి పెడతాం. గంజి ఉన్న గుడ్డ మడతను గుర్తుపెట్టుకుంటుంది, గాలిని వినదు. ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండుమూడుసార్లు జాడించి గంజి వదిలించు. తర్వాత నూలు నంబరు చూడు. అరవై నంబరు నూలు పంచెకు సరిపోతుంది, గాలిలో తేలదు. నూరు నంబరుది తీసుకో, నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. షిఫాన్ ఎందుకు ఆడుతుందంటే దాని పోగుకు పురి ఎక్కువ, నేత పలచన. గుడ్డంతా సన్నటి రంధ్రాలే. కొంత గాలి ఎత్తుతుంది, కొంత గాలి జారిపోతుంది, అందుకే మెల్లగా దిగుతుంది. నీ గుడ్డలో గాలికి దారి లేదు. మొత్తం ఎత్తింది, మొత్తం వదిలేసింది.

ఇంకొకటి. నూలు తేమ పీలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న పూట పెడితే పొడిగా ఉన్నప్పుడు ఆడినంత తేలిగ్గా ఆడదు.

పోగుబంధం

ఒకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మనిషి ఒంటికి బదులు వస్తువును ఆడించడం గురించి మాట్లాడుతున్నారు కదా. మా ఇంట్లో అది వేరేలా జరిగింది.

పోచంపల్లి చీరకు పేక పోగుల్ని రంగు కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి చాచి వెనక్కి తీయాలి. మా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లది. మా అమ్మ పోసేది. నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని చూసేవాణ్ణి. చూపు మేకు మీద, నడుము కదలదు, భుజం మాత్రం కదులుతుంది. పాట పాడుతున్నట్టు ఒకే లయ. ఇప్పుడు మేడమ్ రాసింది చదువుతుంటే అది నాట్యమే అనిపిస్తోంది. కానీ రాత్రి అమ్మ భుజానికి వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టింది కూడా నేనే.

ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మగారి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా వీధిలోకి వచ్చిన రోజు అమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. పోగు మేకు మీదికి వెళుతుంది, తిరిగి వస్తుంది, పక్క మేకు మీదికి వెళుతుంది. గంటసేపు కదలకుండా చూసింది. ఒక చెయ్యి రెండో భుజం మీద పెట్టుకుని ఉంది. "నా చెయ్యే" అంది.

కళాకారులు యంత్రానికి కదలిక నేర్పినప్పుడు ఆ కదలిక ఎవరి ఒంటి నుంచి వచ్చిందో రాసి పెట్టాలని నా కోరిక.

తెరవెనుక

పోగుబంధం గారూ, నమస్కారం. నా వాదన ఇంకా మార్చుకోలేదు, కానీ మీ అమ్మగారు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

అనంత_తోలుబొమ్మ

మా అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలును పారదర్శకంగా గీకి, రంగులేసి, కీళ్ల దగ్గర దారంతో ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి బిర్రుగా, వదులు చేస్తే ఒదులుగా ఆడుతుంది. హనుమంతుడి కీలు ఒకలా, సీతమ్మ కీలు ఒకలా కడతారు. అక్కడ తోలు మనిషిలా ఆడుతుంది. మీరు చెప్పే వాటిలో గుండు గుండులాగే, గుడ్డ గుడ్డలాగే ఆడుతున్నాయి. నాకు కనిపించిన తేడా ఇది.

గజ్జెల_సవ్వడి

చాలా మంచి మాట. మన దగ్గరా రెండో రకం లేకపోలేదు. సింహనందిని అనే నృత్యంలో 128 అక్షరాల తాళానికి నర్తకి ఆడుతుంటే పాదాల కింద రంగుపొడిలో సింహం బొమ్మ పడుతుంది. ఆట అయిపోయాక నర్తకి పక్కకు వెళ్లినా బొమ్మ ఉంటుంది. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడితే పళ్లెం ఎటు జరగనిస్తే పాదం అటే జరుగుతుంది. పళ్లేన్ని మనం నడుపుతామని కొత్తవాళ్లు అనుకుంటారు. నెల రోజులు పోతే పళ్లెం నడుపుతోందని తెలుస్తుంది.

ఇక నేను చేసిన పని. నిన్న మా వరండా దూలానికి గట్టి దారాలు కట్టాను. 240 సెంటీమీటర్లవి మూడు, 60వి మూడు, 15వి మూడు. గుండ్లకు బదులు ఒకే బరువున్న ఇనుప నట్లు కట్టాను. పొట్టి దారాలు అంత ఎత్తులో పిల్లలకు కనిపించవని వాటికి విడిగా కింద ఒక కర్ర అమర్చాను. తాళం వేయలేదు, నోటితో జతులు చెప్పలేదు. పొడవు దారానికి మొదటి కాలం, మధ్యదానికి రెండో కాలం, పొట్టిదానికి మూడో కాలం, దాన్ని చూస్తూ వేయండి అన్నాను. రెండో కాలంలో ఎవరూ పరుగెత్తలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి.

తర్వాత పొడవు దారాల మధ్యలోంచి తగలకుండా నడవమన్నాను. పెద్ద పిల్లలు చకచకా దాటారు. అందరికంటే చిన్నది, ఏడేళ్లది, మొదటి గుండు ముందు ఆగింది. మూడుసార్లు రానిచ్చింది, మూడుసార్లు పోనిచ్చింది. మెడ మెల్లగా దానితోపాటు కదిలింది, తర్వాత భుజాలు. నాలుగోసారి అది వెనక్కి వెళుతుండగా దాని వెంటే అడుగు వేసింది.

తెరవెనుక

పాపకు భయం వేయలేదా?

గజ్జెల_సవ్వడి

అడిగాను. "అది వెళ్లిపోయేటప్పుడు చోటు ఇస్తుంది మేడమ్" అంది. ఆదివారం మళ్లీ కడుతున్నాను. తెనాలి నుంచి గంట ప్రయాణమే కదా, వచ్చి మీరే చూడండి. లంబకోణం గారూ, నట్లు ఊగి ఊగి త్వరగా ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?

లంబకోణం

బరువు పెంచండి మేడమ్. కాలం మారదు, గాలికి ఆగడం మాత్రం తగ్గుతుంది. పైన ముడిని దూలానికి నేరుగా చుట్టకుండా ఒక కొక్కేనికి కట్టండి, రాపిడి తక్కువ.

పోగుబంధం

దారం పురి విప్పుకుంటే గుండు గిర్రున తిరుగుతుంది, పిల్లలకు లెక్క తప్పుతుంది. పురి వేయకుండా అల్లిన తాడు వాడండి. మేడమ్, చిరునామా పెడితే మా దగ్గర ఉన్నది పంపిస్తాను.